బురదలో ఏ గేరు బండి మేలు?

ఆటోమేటికా... మాన్యువలా? కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

ఇబ్రహీంపట్నం: డాంబరు రోడ్డు దిగి పొలం బాట పట్టినప్పుడే వాహనం అసలు సత్తా బయటపడుతుంది. నాగార్జునసాగర్ రహదారిపై నున్నగా సాగిన కారు మంచాల, యాచారం మండలాల మట్టిబాటల్లో ఒక్క వానకే దిగబడిపోవడం ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడ నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి అంటే ప్రభుత్వ శాఖల జీపు, పోలీసుల జిప్సీ మాత్రమే గుర్తుకొచ్చేవి. ఔటర్ రింగు రోడ్డు వచ్చి, నగరం ఆదిబట్ల, బొంగుళూరు దాకా విస్తరించాక పరిస్థితి మారింది. రైతులు, వ్యాపారులు, తోటల యజమానులు, వారాంతంలో గుట్టల బాట పట్టే యువకులు ఇటువంటి వాహనాలు కొంటున్నారు. వారందరికీ ఎదురవుతున్న ప్రశ్న ఒకటే. గేరు మనమే మార్చుకునే మాన్యువల్ తీసుకోవాలా, తనంతట తానే మార్చుకునే ఆటోమేటిక్ తీసుకోవాలా?

ఆటోమేటిక్ అంటే నాజూకు సరకు, నగరంలో తిరిగేవారికే పనికొస్తుందన్న అభిప్రాయం గ్రామాల్లో బలంగా ఉంది. అధిక ధర పెట్టి కొన్న ఆటోమేటిక్ ఎక్కడైనా తిరుగుతుందన్న ధీమా కొత్తగా కొనేవారిలో కనిపిస్తుంది. ఈ రెండూ సగం నిజాలే. ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద నాలుగు రకాల యంత్రాలు అమ్ముడవుతున్నాయి. వాటిలో మట్టిబాటకు నమ్మకంగా పనికొచ్చేది ముఖ్యంగా ఒకటే. అది ఏదో తెలియకుండా కొంటే లక్షల రూపాయలు బురదలో పోసినట్లే.

నేల తీరును బట్టి...

ఇబ్రహీంపట్నం పరిసరాల్లో అధిక భాగం ఎర్ర చలక నేలలు. ఎండాకాలంలో గట్టిగా ఉండి, వాన పడితే పైపొర జారుడుగా మారుతుంది. అడుగున మొరం ఉన్నచోట చక్రానికి పట్టు దొరుకుతుంది. చెరువు శిఖం భూములది వేరే తీరు. కుతుబ్‌షాహీల కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు వంటి జలాశయాల అంచుల్లో పైన ఎండి పగుళ్లు తేలినా, లోపల మెత్తటి ఒండ్రు ఉంటుంది. పైపొర చూసి మోసపోయి దిగితే చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోతాయి. జిల్లా పశ్చిమాన షాబాద్, చేవెళ్ల వైపు నల్లరేగడి కనిపిస్తుంది. తడిసిన రేగడి టైరుకు ముద్దలా అంటుకుని గాడులను పూడ్చేస్తుంది. తూర్పున మంచాల దాటితే రాచకొండ గుట్టలు మొదలవుతాయి. అక్కడ బండరాళ్లు, రాళ్ల బాటలు, నిట్టనిలువు ఎత్తుపల్లాలు ఎదురవుతాయి.

ఈ నాలుగు రకాల నేలా వాహనాన్ని వేర్వేరు విధాలుగా పరీక్షిస్తుంది. ఒకచోట వేగం తగ్గకుండా సాగిపోవాలి. మరోచోట నత్తనడక నడవాలి. ఇంకోచోట బ్రేకు మీద ఆధారపడకుండా కిందికి దిగాలి. ఈ పనులన్నింటిలో ఇంజిన్ శక్తిని చక్రానికి ఎంత, ఎప్పుడు అందించాలో నిర్ణయించేది గేరుబాక్సే.

లోపల జరిగేది ఇదీ

మాన్యువల్ బండిలో ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ వదిలితే ప్లేటు ఇంజిన్ చక్రానికి అతుక్కుని శక్తిని యథాతథంగా పంపుతుంది. నొక్కితే బంధం తెగుతుంది. సగం నొక్కి ఉంచితే ప్లేటు రాసుకుంటూ తిరుగుతుంది. దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. బండి కదిలే క్షణంలో ఇది అవసరమే. కానీ బురదలో, ఎత్తులో నిమిషాల తరబడి ఇలాగే ఉంచితే ప్లేటు వేడెక్కి, కమిలిన వాసన వచ్చి, చివరకు అరిగిపోతుంది. ట్రాక్టరు నడిపేవారికి ఈ వాసన పరిచితమే.

ఆటోమేటిక్‌లలో పాతదైన రకంలో క్లచ్ ప్లేటు స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దీని పనితీరు బోరు మోటారు తెలిసిన రైతుకు సులభంగా అర్థమవుతుంది. మోటారులోని ఇంపెల్లర్ గిర్రున తిరిగి నీటిని విసిరినట్లే, టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ వైపు ఉన్న రెక్కల చక్రం నూనెను విసురుతుంది. ఎదురుగా గేరుబాక్సు వైపు ఉన్న మరో రెక్కల చక్రం ఆ నూనె తాకిడికి తిరుగుతుంది. రెంటికీ నడుమ ఉండే మూడో చక్రం నూనెను మళ్లించి, బండి కదిలే సమయంలో తిప్పుడు బలాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. శక్తి నూనె ద్వారా అందుతుంది కాబట్టి ఇంజిన్ ఆగిపోదు, ఒక ప్లేటు మరోదానికి రాసుకుని అరగడమూ ఉండదు. అయితే నూనె వేడెక్కుతుంది. ఈ పద్ధతికి ఉన్న ప్రధాన బలహీనత అదే.

ఈ యంత్రం నాజూకైనది కాదనడానికి చరిత్రే సాక్ష్యం. జర్మనీకి చెందిన ఇంజినీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో ఓడల కోసం ఈ సూత్రంపై పేటెంటు పొందారు. అమెరికాలో 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అందుబాటులోకి వచ్చిన హైడ్రామాటిక్ ఆటోమేటిక్ గేరుబాక్సును రెండో ప్రపంచయుద్ధంలో ఎం5 తేలికపాటి ట్యాంకుల్లోనూ వాడారు. అమెరికా సైన్యానికి 1980ల మధ్య నుంచి అందిన హమ్వీ వాహనాలు సైతం ఆటోమేటిక్‌లే. మరోవైపు అదే యుద్ధంలో పేరు మోసిన విల్లీస్ జీపు మూడు గేర్ల మాన్యువల్. అంటే కఠినమైన నేలపై రెండు పద్ధతులూ ఎనభై ఏళ్లకు పైగా నెగ్గుకొస్తున్నాయన్నమాట.

పేరు ఒకటే... యంత్రాలు నాలుగు

కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తక్కువ ధర కార్లలో ఏఎంటీ అనే రకం వస్తోంది. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది. ఇందులో ఉండేది మామూలు గేరుబాక్సు, మామూలు క్లచ్ ప్లేటే. మనిషి కాలు, చేయి చేసే పనిని యంత్రం చేస్తుంది. బురదలోనో ఎత్తులోనో చిక్కితే ఇక్కడా ప్లేటే రాసుకుంటుంది. పైగా అది ఎంత రాసుకోవాలన్నది డ్రైవరు అదుపులో ఉండదు. గేరు మారే క్షణంలో శక్తి తెగిపోవడంతో మెత్తటి నేలలో బండి ఊపు కోల్పోతుంది.

రెండో రకం సీవీటీ. గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. నగరంలో కుదుపు లేకుండా నడుస్తుంది. బురదలో చక్రం జారి, ఒక్కసారిగా గట్టి నేల తగిలితే ఆ దెబ్బ బెల్టుపై పడుతుంది. చాలాసేపు బరువుతో పాకితే వేడెక్కి, రక్షణ కోసం శక్తిని తగ్గించుకుంటుంది. మూడోది డీసీటీ. రెండు క్లచ్‌లతో రెప్పపాటులో గేరు మారుస్తుంది. రహదారిపై దీనికి సాటి లేదు. కానీ నత్తనడకలో దీని క్లచ్‌లు కూడా రాసుకుంటూనే ఉంటాయి. కొన్ని బండ్లలో వేడి హెచ్చరిక వెలిగి వాహనం ఆపాల్సి వస్తుంది.

నాలుగోది పైన చెప్పుకున్న టార్క్ కన్వర్టర్. మట్టిబాట కోసం తయారయ్యే వాహనాల్లో ప్రధానంగా వాడేది దీన్నే. కాబట్టి షోరూములో ‘ఇది ఆటోమేటికేనా’ అని కాక ‘ఇది ఏ రకం ఆటోమేటిక్’ అని అడగాలి. అమ్మకందారు నోటిమాటతో సరిపెట్టుకోకుండా కంపెనీ ముద్రించిన వివరాల పత్రంలో చూసుకోవడం ఉత్తమం.

ట్రాక్టరుకున్న లివరే దీనికీ...

గేరుబాక్సు రకం కన్నా ముందు చూడాల్సింది మరొకటి ఉంది. ట్రాక్టరులో హై, లో అని మార్చే లివరు ఉంటుంది. లోలో వేసి మొదటి గేరులో వదిలితే క్లచ్ పూర్తిగా వదిలేసినా బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా, బలంగా సాగుతుంది. అసలైన ఫోర్‌బైఫోర్ వాహనాల్లోనూ ఇదే సూత్రం. ట్రాన్స్‌ఫర్ కేసు అనే అదనపు పెట్టె ద్వారా ‘ఫోర్ లో’ వేస్తే వేగం తగ్గి, చక్రానికి అందే బలం రెండు నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుంది.

లో రేంజ్ ఉన్న మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ అవసరం చాలావరకు తప్పుతుంది. ఆటోమేటిక్‌లో నూనె వేడెక్కడం తగ్గుతుంది. లో రేంజ్ లేని బండిలో ఏ గేరుబాక్సు ఉన్నా గుట్టబాటలో కష్టపడక తప్పదు. చూపులకు ఎత్తుగా, దిట్టంగా కనిపించే ఎస్‌యూవీల్లో అనేకం రెండు చక్రాలకే శక్తి అందించేవి. వాటికి లో రేంజ్ ఉండదు. ఒకే నమూనా పేరుతో రెండు చక్రాలవీ నాలుగు చక్రాలవీ అమ్ముతున్నందున కొనేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

ఎక్కడ ఏది మేలు?

ఇసుక, మెత్తటి చలక: ఇక్కడ ఊపే ప్రాణం. గేరు మార్చేందుకు క్లచ్ నొక్కిన అర క్షణంలోనే మాన్యువల్ బండి వేగం చచ్చి దిగబడవచ్చు. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ శక్తి తెగకుండా గేరు మార్చుకుంటుంది కాబట్టి ఇక్కడ దానిదే పైచేయి. మాన్యువల్ నడిపేవారు దిగడానికి ముందే తగిన గేరు ఎంచుకుని, దాటేదాకా మార్చకూడదు.

రేగడి, చెరువు బురద: ఇక్కడ రెండూ దాదాపు సమానమే. గెలుపోటములను టైర్లే నిర్ణయిస్తాయి. అరిగిన టైరుతో ఏ బండీ గట్టెక్కదు. యాక్సిలరేటర్ బలంగా తొక్కితే చక్రం అక్కడే తిరిగి గుంత తవ్వుకుంటుంది. దిగబడినప్పుడు మొదటి గేరు, రివర్సు మార్చి మార్చి బండిని ఊపి బయటపడే చిట్కా మాన్యువల్‌లో సాధ్యం. ఆటోమేటిక్‌లో చక్రాలు తిరుగుతుండగానే డి నుంచి ఆర్‌కు మారిస్తే గేరుబాక్సు దెబ్బతింటుంది. బ్రేకు నొక్కి, చక్రాలు పూర్తిగా ఆగాకే మార్చాలి.

బండరాళ్లు: ఒక రాయి ఎక్కి, మెల్లగా దిగి, మరోదాని మీదకు చక్రం పెట్టడం ఆటోమేటిక్‌లో తేలిక. బలాన్ని చుక్కచుక్కగా అందించవచ్చు, ఇంజిన్ ఆగిపోతుందన్న భయం లేదు. మాన్యువల్‌లో ఇదే పనికి ఎడమ కాలికి మంచి సాధన కావాలి. లో రేంజ్ మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి సాగడం నేర్చినవారు మాత్రం అంతే నేర్పుగా దాటగలరు.

ఎక్కుడు: నిట్టనిలువు ఎత్తు మధ్యలో బండి ఆగిపోవడం అత్యంత ప్రమాదకరం. కొత్తవారు కంగారుపడి క్లచ్ నొక్కుతారు, లేదా న్యూట్రల్ చేస్తారు. దాంతో బండి పట్టు తప్పి వెనక్కి దొర్లుతుంది. మాన్యువల్‌లో ముందుగా కాలి బ్రేకు గట్టిగా నొక్కి, ఆపై రివర్సు గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా పూర్తిగా వదిలి, ఇంజిన్ పట్టుతో తిన్నగా వెనక్కి దిగాలి. ఆటోమేటిక్‌లో బ్రేకు నొక్కి, ఆర్‌లోకి మార్చి, మెల్లగా బ్రేకు వదిలితే సరిపోతుంది. ఏ బండిలోనూ వాలుకు అడ్డంగా తిప్పే ప్రయత్నం చేయరాదు. పల్టీ కొట్టే ప్రమాదం అక్కడే ఉంది. ఇటువంటి చోట చేయాల్సిన పనులు తక్కువ కాబట్టి కొత్తవారికి ఆటోమేటిక్ ఎక్కువ భద్రత ఇస్తుంది.

దిగుడు: ఇక్కడ మాన్యువల్‌దే పైచేయి. లో రేంజ్ మొదటి గేరులో వేసి, కాళ్లు పెడళ్లకు దూరంగా ఉంచితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు వేడెక్కదు, తడిసిన మట్టిలో చక్రం బిగుసుకుని జారదు. ఆటోమేటిక్‌లో నూనె బంధం కొంత వదులుగా ఉంటుంది కాబట్టి ఆ పట్టు తక్కువ. డిలో ఉంచి దిగడం తప్పు. గేరు మీట ఎల్‌లో గానీ, మాన్యువల్ పద్ధతిలో ఒకటో గేరులో గానీ ఉంచాలి. హిల్ డీసెంట్ కంట్రోల్ ఉన్న బండ్లలో కంప్యూటరే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి వేగాన్ని అదుపు చేస్తుంది.

వాగు ముందు రెండూ ఒకటే

గేరుబాక్సు చర్చ పూర్తిగా పక్కన పెట్టాల్సిన చోటు పారే వాగు. ఫోర్‌బైఫోర్ ఉందన్న ధైర్యంతో లోలెవల్ వంతెనలు దాటబోయి ప్రాణాలు పోగొట్టుకుంటున్న ఘటనలు ఏటా వినిపిస్తున్నాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఉద్ధృతికి కారు కొట్టుకుపోయి ఇద్దరు మరణించిన విషాదం తెలిసిందే. సుమారు 30 సెంటీమీటర్ల లోతున వేగంగా పారే నీరు చిన్న కారును కదిలించగలదు. 60 సెంటీమీటర్లు దాటితే బరువైన వాహనాలనూ తేల్చి తీసుకుపోగలదు. నీరు బండిని పైకి తేల్చాక చక్రాలకు నేల తగలదు. అప్పుడు అది ఆటోమేటికైనా, మాన్యువలైనా పడవతో సమానం. ఆ పడవకు తెడ్డు కూడా ఉండదు.

2020లో వచ్చిన థార్‌కు 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 700 మిల్లీమీటర్ల నీటి లోతును కంపెనీలు పేర్కొన్నాయి. ఈ అంకెలు నిలకడ నీటికి, నెమ్మదిగా వెళ్లినప్పుడు వర్తించేవి. పారే నీటికి ఇవి హామీ కావు. వరద నీటి కింద వంతెన కొట్టుకుపోయిందో ఉందో బండిలో కూర్చుంటే కనిపించదు.

నిలకడ నీటి మడుగు దాటాల్సి వచ్చినప్పుడు సైతం మెలకువలు ఉన్నాయి. మాన్యువల్‌లో మధ్యలో క్లచ్ నొక్కరాదు. ప్లేట్ల మధ్యకు నీరు, బురద చేరి పట్టు తప్పుతుంది. ఆటోమేటిక్‌లో తక్కువ గేరును ఖాయం చేసుకుని, ఒకే వేగంతో దాటాలి. గేరుబాక్సు గాలి గొట్టం ద్వారా నీరు లోపలికి వెళితే నూనె పాల రంగుకు మారుతుంది. అలా కనిపిస్తే వెంటనే మార్పించాలి. లేకుంటే గేరుబాక్సు మొత్తం పోతుంది. నీటిలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయరాదు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇటువంటి నష్టానికి మామూలు బీమాలో పరిహారం దక్కకపోవచ్చు. ఇంజిన్ రక్షణకు అదనపు ప్రీమియం కట్టారో లేదో ముందే సరిచూసుకోవాలి.

ట్రాక్టరుతో లాగేటప్పుడు...

ఇక్కడి పల్లెల్లో బండి దిగబడితే క్రేను కన్నా ముందు ట్రాక్టరు వస్తుంది. తాడు కట్టి లాగడం పరిపాటి. మాన్యువల్ బండిని న్యూట్రల్‌లో ఉంచి బయటకు లాగి, అవసరమైతే ఊరిదాకా లాక్కెళ్లినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆటోమేటిక్ సంగతి వేరు. గుంతలోంచి నాలుగు గజాలు బయటకు లాగితే ఫరవాలేదు. ఇంజిన్ ఆగి ఉండగా కిలోమీటర్ల దూరం చక్రాల మీద లాక్కెళ్తే మాత్రం గేరుబాక్సులో నూనె ప్రసరణ లేక భాగాలు కాలిపోతాయి. అటువంటి బండిని చక్రాలు నేలకు తగలకుండా లారీపై తరలించాలి. కొన్ని ఫోర్‌బైఫోర్‌లలో ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్ చేసి లాగే వీలుంటుంది. ఆ వివరం బండితో వచ్చే పుస్తకంలో ఉంటుంది.

తాడు ఎప్పుడూ కంపెనీ అమర్చిన కొక్కేనికే కట్టాలి. బంపరుకు, ఇరుసుకు కడితే అవి ఊడి వచ్చే ప్రమాదం ఉంది. తెగిన తాడు కొరడాలా తగులుతుంది కాబట్టి లాగే సమయంలో చుట్టూ జనాన్ని, ముఖ్యంగా పిల్లలను నిలబడనివ్వరాదు.

బ్యాటరీ దిగిపోయినప్పుడు కూడా తేడా తెలుస్తుంది. మాన్యువల్ బండిని నలుగురు తోసి, రెండో గేరులో క్లచ్ వదిలితే స్టార్టు కావచ్చు. ఆటోమేటిక్‌లో ఆ అవకాశం లేదు. మరో బండి బ్యాటరీ నుంచి తీగలు కలపాల్సిందే. రోడ్డుకు దూరంగా, ఫోను అందని గుట్టల్లో తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

జేబుకు భారమెంత?

సాధారణంగా ఒకే బండిలో ఆటోమేటిక్ ధర లక్ష రూపాయలకు పైగా ఎక్కువ. 2023 జూన్‌లో మారుతి జిమ్నీ విడుదలైనప్పుడు రెండింటి మధ్య తేడా రూ.1.20 లక్షలు. మైలేజీలో వ్యత్యాసం మాత్రం అనుకున్నంత లేదు. కంపెనీ లెక్కల ప్రకారం జిమ్నీ మాన్యువల్ లీటరుకు 16.94 కిలోమీటర్లు, ఆటోమేటిక్ 16.39 కిలోమీటర్లు ఇస్తాయి. మట్టిబాటలో, లో రేంజ్‌లో నడిపినప్పుడు రెండింటి మైలేజీ ఇంతకన్నా బాగా తగ్గుతుంది.

మరమ్మతుల లెక్క ఇందుకు భిన్నం. మాన్యువల్‌లో క్లచ్ ప్లేటు అరిగే భాగం. నడిపే తీరును బట్టి త్వరగానో ఆలస్యంగానో ఎప్పటికైనా మార్చాల్సిందే. ఆ పని మండల కేంద్రాల్లోని షెడ్లలో సైతం జరుగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో అటువంటి ప్లేటు ఖర్చు ఉండదు కానీ, గేరుబాక్సు చెడితే బిల్లు భారీగా ఉంటుంది, బాగుచేసే నిపుణుల కోసం నగరానికి పోవాలి. అందుకే ఆటోమేటిక్ కొన్నవారు గేరునూనె విషయంలో అశ్రద్ధ చేయరాదు. బురదలో, బరువుతో, ఎత్తుల్లో తరచూ నడిపే బండికి పుస్తకంలో కఠిన వాడకం కింద సూచించిన గడువులోనే నూనె మార్పించాలి.

మార్కెట్లో ఉన్నవి

మహీంద్రా సంస్థ 1940ల చివర విల్లీస్ జీపులతో మొదలుపెట్టిన నాటి నుంచి చాలా కాలం ఈ తరగతిలో మాన్యువల్‌దే రాజ్యం. 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2010లో వచ్చిన తొలి థార్ రెండూ మాన్యువల్‌లే. 2020 అక్టోబరు 2న విడుదలైన రెండో తరం థార్‌తో మార్పు వచ్చింది. ఆరు గేర్ల మాన్యువల్‌తో పాటు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌నూ ఇచ్చారు. అప్పటి పెట్రోలు నమూనాలో మాన్యువల్‌కు 300 న్యూటన్ మీటర్ల బలం ఉంటే, ఆటోమేటిక్‌కు 320 ఇవ్వడం గమనార్హం. జిమ్నీలో ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉన్నాయి. 2024లో కొత్త ఇంజిన్‌తో వచ్చిన ఫోర్స్ గూర్ఖా ఐదు గేర్ల మాన్యువల్‌తోనే వచ్చింది. ముందు, వెనుక ఇరుసులకు తాళం వేసే డిఫరెన్షియల్ లాక్ దాని ప్రత్యేకత. గాలిలో తేలిన చక్రం ఉత్తిగా తిరగకుండా, నేల తగిలిన చక్రానికి ఇది బలం చేరుస్తుంది.

డ్రైవింగ్ లైసెన్సు విషయంలో మన దేశంలో ఇబ్బంది లేదు. ఎల్ఎంవీ లైసెన్సు రెండు రకాల బండ్లకూ చెల్లుతుంది. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌పై పరీక్ష నెగ్గినవారు మాన్యువల్ నడపరాదు. ఇక్కడ అటువంటి నిబంధన లేనందునే ఆటోమేటిక్‌కు మాత్రమే అలవాటుపడిన యువకులు స్నేహితుల మాన్యువల్ బండిని నేరుగా గుట్టపైకి తీసుకెళ్లే సాహసం చేస్తుంటారు. చదునైన నేలపై సాధన చేశాకే అటువంటి చోట్లకు వెళ్లాలి.

అనుమతి లేని చోటికి వద్దు

బండి సామర్థ్యం ఉన్నంత మాత్రాన ప్రతి నేలా తిరగడానికి కాదు. రాచకొండ పరిధిలో రిజర్వు అటవీ ప్రాంతం ఉంది. అనుమతి లేకుండా అందులోకి వాహనాలతో ప్రవేశించడం అటవీ చట్టం ప్రకారం నేరం. చెరువు శిఖంలో, విత్తనం వేసిన చలకల్లో సరదా కోసం చక్రాలు తిప్పితే నష్టపోయేది రైతే. టైర్లు, ఎత్తు, లైట్లు ఇష్టానుసారం మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధం. బీమా పరిహారం కోరినప్పుడు సైతం ఆ మార్పులు అడ్డంకిగా నిలుస్తాయి.

ఎవరికి ఏది?

రోజూ నగరానికి వెళ్లి వస్తూ, వారానికి ఒకసారి తోటకు పోయేవారికి, కొత్తగా మట్టిబాట నేర్చుకునేవారికి, ఇంట్లో పెద్దలు, మహిళలు సహా నలుగురూ నడిపే బండి కావాలనుకునేవారికి లో రేంజ్ ఉన్న టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ సరైనది. సాగర్ రహదారి రద్దీలో ఎడమ కాలికి విశ్రాంతి, ఎత్తు మధ్యలో ఇంజిన్ ఆగదన్న నిశ్చింత రెండూ దక్కుతాయి.

ట్రాక్టరు, జీపు నడిపి క్లచ్ మీద పట్టు సాధించినవారికి, షెడ్డుకు దూరంగా పనిచేసేవారికి, నిట్టనిలువు దిగుళ్లు తరచూ ఎదురయ్యేవారికి, పెట్టుబడి తగ్గించుకోవాలనుకునేవారికి మాన్యువల్ మేలు. మిగిలిన లక్ష రూపాయలతో మంచి టైర్లు, గాలి నింపే చిన్న పంపు, లాగే తాడు కొనుక్కోవచ్చు. బురదలో, ఇసుకలో గాలిని 18 నుంచి 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపడం మరువరాదు.

పొలానికి వెళ్లే దారి మొరం వేసిన బాటే అయి, వానాకాలంలో రెండు మూడుసార్లు మాత్రమే ఇబ్బంది ఎదురయ్యేవారు అసలు ఫోర్‌బైఫోర్ కోసం లక్షలు వెచ్చించాలా అన్నది కూడా ఆలోచించుకోవాలి. అటువంటి వారికి భూమికి కాస్త ఎత్తున్న మామూలు బండి, మంచి టైర్లు సరిపోవచ్చు. ఏది ఎంచుకున్నా సంతకం పెట్టే ముందు షోరూము పరిసరాల డాంబరు రోడ్డుపై ఒక చుట్టు తిరిగి సరిపెట్టుకోరాదు. వీలైతే కొన్నవారి బండిలో ఒక వాన వెలిసిన మరునాడు సొంత పొలం బాట మీద కూర్చుని చూడాలి. ఏ బండి తమకు సరిపోతుందో ఆ బాట మీదే తేలుతుంది.